కోసిన పడుగు

"మీరే! ఇంకెవ్వలు? తలకు రుమాళ్ళు సుట్టుకొని నలుగురు పెద్దమనుషులు నా ఇంట్ల జొచ్చిన్రు. నడుస్తున్న మగ్గాన్ని పీనుగను చేసి పోయిన్రు. ముగ్గురు సూసుకుంట నిలబడ్డరు. కత్తెర పట్టింది నువ్వు, రాజం!"

"జానత్తా, జర మెల్లగ. బస్సుల మంది ఇంటరు."

"ఏ మంది? డ్రైవరు, కండక్టరు, మనిద్దరం, గా ఎనుక సీటు మీద కోళ్ళ గంప. కోళ్ళకు సిగ్గుపడుతున్నవా?"

"ఎన్నిసార్లు అంటవు? నాలుగు దినాలసంది గిదే. బందర్ల అన్నవు, పెడనల అన్నవు. పడవల నది దాటంగ నడిమిట్ల లేసి నిలబడి అన్నవు. పడవోడు గజగజ వణికిండు."

"పడవ మునుగుతె నేను పోదును. నువ్వు పోవు. నీ అసొంటోళ్ళు తేలుతరు."

అది పంతొమ్మిది వందల యాభై తొమ్మిది, శ్రావణం. రామన్నపేట దగ్గరి పల్లెలో వాననీళ్ళు ఊరి, నేసేవాళ్ళు మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంటలు నిండి, మగ్గాలన్నీ ఆగిపోయిన కాలం. ఆ ఊరి చేనేత సంఘం అధ్యక్షుడు వెంకటరాజం, అతని చెల్లెలి అత్తగారు జానమ్మ కోస్తా వెంట ఊరూరా తిరుగుతూ ఆ చెల్లెలినే, ఆండాళునే, వెతుకుతున్నారు.

"నేనేం చెయ్యాల్నత్తా? ధర్మయ్య కులపెద్ద. 'మన వాడకట్టుల ఆడది నూలు కండె సుట్టాలె, పోగు అతకాలె. గుంటల దిగొద్దు. నేతకు కూసున్నదాని ఇంట్ల నీళ్ళు ముట్టం. నీ సంఘంల ఒక్క మగ్గం మిగలది' అన్నడు. ఎనభై మగ్గాలు! సంఘం పెట్టి అప్పటికి ఏడాదే. గాళ్ళు పోతే షావుకారు మల్ల మన మెడల మీద కూసుంటుండె."

"అందుకని సెల్లె మెడ మీద నువ్వు కూసున్నవు."

"అత్తా..."

"అత్త లేదు, గిత్త లేదు. మీటింగులల్ల మూడూళ్ళకు ఇనబడేటట్టు మొత్తుకుంటవు కద, నేసేటోళ్ళదే మగ్గమని. నా కోడలు నెయ్యలేదా?"

"నేసింది."

"ఎన్ని నెలలు?"

"ఆరు."

"గా ఆరు నెలలు నా కొడుకు గుర్వయ్య ఏడున్నడు?"

"మంచంల."

"దగ్గుకుంట, నెత్తురు కక్కుకుంట. దవాఖానల ఇగ కాదు తీస్కపోమన్నరు. ఇంట్ల గింజ లేదు. ఆమె తలుపుకు గొళ్ళెం పెట్టి గుంటల దిగింది. మగ్గం సప్పుడు ఇని గుర్వయ్యే లేసి నేస్తుండనుకున్నరు మంది. నువ్వా చీరెలు సంఘంల ఇప్పి 'ఇగో, మా బావ చెయ్యి సూడున్రి, గుర్వయ్య చెయ్యి సూడున్రి' అని అందరికి సూపెట్టినవు."

"అప్పుడు నాకు ఎరుక లేదు. ఒట్టు."

"ఎరుకైనంక?"

"కిటికీ మూయి అత్తా, జల్లు కొడతాంది."

"ఎరుకైనంక, రాజం?"

"కోసిన."

"పదకొండో దినం నా కొడుకు పాయె. నెల దాటకముందే కోడలు నూలు లారీ ఎక్కి పాయె. బందరు దిక్కు దించిన అన్నడు లారోడు. గంతే."

"ఒకటి అడుగుతనత్తా. తలుపేసిన ఇంట్ల ఎవలు నేస్తున్నరో ధర్మయ్యకు ఎట్ల ఎరుకైంది? ఎవలు చెప్పిన్రు?"

"గా సీసల నీళ్ళున్నయా?"

"ఇప్పుడే తాగినవు."

"మల్ల దూప అయితాంది."

"గింత వాన పడతాంది, దూప ఏందత్తా?"

"వానల దూప కావొద్దని నీ సంఘంల తీర్మానం చేసిన్రా? సీస ఇటు తే!"

"ఏవండీ, ఇంతకీ ఎక్కడ దిగుతారు మీరు? సముద్రం చూడ్డానికైతే ఈ రోజుల్లో ఎవరూ రారండి. మాఘంలో రావాలి, స్నానాలకి. ఇప్పుడు బస్సు కూడా ఖాళీయే, చూస్తున్నారుగా."

"సముద్రం సూడనీకె రాలే కండక్టర్ నాయినా. గీ మనిషి చేసిన పని కడుక్కోనీకె వచ్చినం."

"అత్తా!"

"అదేవిటండీ?"

"ఏం లేదన్నా. చీరాలకు ఇయ్యి, రెండు."

బాపట్ల దాటాక రోడ్డు కోతపడి బస్సు ఆగిపోయింది. రోడ్డు పక్కన తాటాకుల కాఫీ హోటలు. హోటలతను భుజం మీది తువ్వాలుతో పొయ్యి మీది గిన్నె పట్టుకున్నాడు.

"రెండు చాయ్ ఇయ్యన్నా. ఇంకో మాట. గీ దిక్కు కండెలు సుట్టుకుంట బతికే ఆడమనిషి, మొగడు పోయింది, రామన్నపేట దిక్కు నుంచి వచ్చింది... ఎవలన్న ఉన్నరా?"

"కండెలు చుట్టేవాళ్ళా? ఇంటికిద్దరున్నారండి. అంత దూరం నుంచి వచ్చి కండెలు చుట్టుకునేవాళ్ళు మాత్రం లేరు. మీది తెలంగాణా వైపా అండి? మాటలో తెలుస్తోంది."

"తెలిస్తే తెలిసె. చాయ్‌ల చక్కెర ఎక్కువెయ్యి బిడ్డా."

"అయిదో ఊరత్తా. గదే అడుగుతున్నం, గదే జవాబు. ఇగ మర్లిపోదాం. నీ మోకాళ్ళు కూడ..."

"ఆగు. ఓ బిడ్డా, గా తువ్వాల ఇటియ్యి."

"ఇది మసిగుడ్డమ్మా, మీకెందుకూ... అరెరే, లాగుతారేంటి! చెయ్యి కాలుద్ది!"

"కాలితె ఊదుకో. రాజం, నా కండ్లకు మసక. ఏలు కింద తగులుతాంది గాని నువ్వు సూసి చెప్పు. గీ అంచు కాడ పోగు తెగితే అతికిన్రు. మెలిక ఎటు పడ్డది?"

"ఎటు పడితే ఏందత్తా..."

"ఎటు పడ్డది?"

"ఎడమకు."

"మన ఊర్ల ఎవలు అతికినా?"

"కుడికే పడతది."

"ఉల్టా పడేది ఎవలది? చిన్నప్పుడు ఎడమచేతితోని అన్నం తింటాందని మీ నాయిన ఎవల చెయ్యి మీద వాత పెట్టిండు?"

"... ఎడమచేతి మొగోడు ఎవడన్న నేసిండొచ్చు."

"థూ! నీ బుద్ధి మీద మన్నువడ. నా బుద్ధి మీద కూడ పడ. నాలుగు దినాలసంది తప్పు అడుగుతున్నం, రాజం. కండెలు సుట్టేదాన్ని అడుగుతున్నం. ఎవడు చెప్తడు? ఆమె నేస్తాంది! మగ్గం మీద కూసున్నదాన్ని పట్టుకొని కండెల కాడ దేవులాడుతున్నం. అడుగు గాయినను. నేసే ఆడమనిషి ఏడున్నదని అడుగు."

"నువ్వే అడుగరాదు?"

"కత్తెర నేను పట్టిన్నా?"

"అత్తా, బయటి మనిషి ముంగట..."

"బయటి మనిషి ముంగట నీ చెల్లె నేస్తదని చెప్పనీకె నోరు రాదు. గింత దూరం వచ్చి గిదా? అడుగు!"

"అన్నా... గీ తువ్వాల... గిది నేసింది... గా మగ్గం మీద కూసునే..."

"ఎవరండీ?"

"ఆడమనిషి. నేసే ఆడమనిషి. మా చెల్లె. ఆండాళు."

"ఎడంచేతి ఆండాళమ్మగారా! ముందే అనొచ్చుగా బాబూ! కండెలంటారు, ఇంకోటంటారు... వానలకి అందరి గుంటలూ మునిగితే ఈ చుట్టుపక్కల ఆడే మగ్గం ఆవిడదొక్కటే. ఇలా సరుగుడు తోటల వెంట నడవండి, రెండు మైళ్ళు. సముద్రం ఎడం చేతి వైపుంటుంది. మగ్గం చప్పుడు మీకే వినపడుద్ది. ఇంతకీ అన్నగారన్నమాట మీరు! ఎప్పుడూ చెప్పలేదే ఆవిడ, అన్నగారున్నారని."

"చాయ్ తాగు రాజం. సల్లారుతాంది."

సరుగుడు తోటల పక్కన తడి ఇసుక దారి. దారి పొడుగునా వాళ్ళిద్దరే.

"గిదా సముద్రం?"

"గిదే."

"అవతలి గట్టు ఏది?"

"ఉండదత్తా."

"గట్టు లేంది ఏం నీళ్ళు. తాగనీకె కూడ పనికిరావట కద."

"ఉప్పగ ఉంటయి."

"ఆండాళమ్మగారు అన్నడు, ఇన్నవా? గారు! మన ఊర్ల దాన్ని ఏమన్నరు?"

"ఎందుకిప్పుడు..."

"ఏమన్నరు?"

"గుంటల దిగింది అన్నరు."

"బాయి కాడ ఆమె బిందె ముట్టలే ఎవ్వలు. రాజం, రెండేండ్లాయె. నిరుడు వాన పడలేదా? నిరుడు మగ్గాలు ఆగలేదా? నిరుడు ఎందుకు రాలే దేవులాడనీకె?"

"నిరుడు సంఘం పని ఉండె."

"ఈ యేడు లేదా?"

"నడువత్తా, మబ్బు పట్టింది."

"పట్టనీ. నీ సంచిల గా కాగితం ఏంది? ప్రతి ఊర్ల తీస్తవు, సూస్తవు, మల్ల దాస్తవు. నాకు సదువు రాదు గాని మొకం సూస్తె ఎరుకైతది."

"సంఘం కాగితం."

"సంఘం కాగితం తీసినప్పుడు నీ రొమ్ము ముందుకొస్తది. గీ కాగితం తీస్తె తల కిందికి పోతాంది."

"... పట్నం నుంచి వచ్చింది. మన కాడ మిగిలిన ఆఖరి గుర్వయ్య చీరె ఈ యేడు నుమాయిష్ ఎగ్జిబిషన్‌ల పెట్టినం. సూసినోళ్ళు అసొంటియి నలభై కావాల్నన్నరు. గదే చెయ్యి ఉండాల్నట. లేకుంటే వద్దన్నరు."

"ఊర్ల ఎవ్వలు నెయ్యలేరా?"

"అందరు సూసిన్రు. నేను కూడ కూసున్న. గా అంచు పడతలేదు."

"అంటె సెల్లె కోసం రాలే. సెల్లె చెయ్యి కోసం వచ్చినవు."

"అబద్ధం చెప్పి ఏం లాభం. బయలుదేరినప్పుడు గంతే. తొవ్వల... నువ్వు తిట్టంగ తిట్టంగ... గా దినం యాదికి రాబట్టింది. నేను పోగులు కోస్తాంటే ఆమె ఏడువలే అత్తా. పేక ఇసిరే నాడె చేతుల పట్టుకొని నా దిక్కు సూసుకుంట కూసున్నది. కత్తెర మొండిది. పోతలేదు. ఒక్కసారి తెగలే పడుగు. గుప్పెడు గుప్పెడు కోసిన. ఎంతసేపో కోసిన. తిట్టు. ఇప్పుడెందుకు ఊకున్నవు?"

"మోకాలు పట్టింది. జర కూసుంట."

"గీ దుంగ మీద కూసో. ఇంటికాడ ఉండుమంటె ఉండవైతివి. నీకెందుకు గీ తిప్పలు? ఆండాళుకు నీకు ఎన్నడన్న పడ్డదా? పొద్దు పొడిస్తె కొట్లాటనే కద."

"కొట్లాటనే."

"మరెందుకు వచ్చినవు?"

"ధర్మయ్యకు ఎవలు చెప్పిన్రని అడిగినవు."

"అడిగిన."

"నేనే. అట్ల సూడకు. నేనే పోయి చెప్పిన. నా కొడుకు రోజు గోడ దిక్కు తిరిగి ఏడుస్తుండె, రాజం. వాడకట్టోళ్ళు మూసిన తలుపు అవతల నిలబడి 'ఏం నేసినవు గుర్వయ్యా' అని పోతుండిరి. వాళ్ళు పోంగనే ఏడ్చెటోడు. పెండ్లాం నేస్తాంటే మొగోడు మంచంల పండుకున్నడు, గా సిగ్గుకు ఏడుస్తుండనుకున్న. ధర్మయ్యా, జర భయపెట్టు, గుంటల్నుంచి లేపు అన్న. గంతనే అన్న. కోయమనలే."

"నాలుగు దినాలసంది నన్ను తిడుతున్నవు!"

"తిడితె నాది జర తక్కువైతదనుకున్న."

"అయ్యిందా?"

"కాలే. చెయ్యియ్యి, లేపు. గా సప్పుడు ఇను."

"ఏం సప్పుడు? అలల సప్పుడు."

"అలలు కావు. ముసలిదాన్ని, కండ్లు పోయినయి గాని చెవులు పోలే. వానల మగ్గం నడుస్తాంది."

ఇసుక నేల మీద గుంట లేకుండా కట్టెలతో ఎత్తుగా కట్టిన మగ్గం. తలుపు బార్లా తెరిచి ఉంది. మగ్గం మీద ఆండాళు.

"చెల్లె..."

"అన్ననా? జర ఆగు, గీ వరుస కానీ. ... ఊ. మొత్తం తడిసినవు. అత్తా, నువ్వు కూడనా! గా పీట మీద కూసో. తలకు గీ తువ్వాల సుట్టుకో."

"తప్పయింది చెల్లె."

"గింత దూరం గా మాట చెప్పనీకె వచ్చినవా?"

"గా మాటకే..."

"కాగితం వచ్చిందా ఏమన్న? నువ్వు కాగితం రాంది జాగా నుంచి కదలవు."

"... వచ్చింది. నలభై చీరెలు. నీ అంచే కావాల్నన్నరు."

"నా అంచు అన్నరా?"

"గుర్వయ్య అంచు అన్నరు."

"గదీ."

"ఊరికి రా చెల్లె. ధర్మయ్యను నేను ఒప్పిస్త. సంఘం ఇంటి ఎనుక అర్ర ఖాళీ ఉన్నది. గాడ మగ్గం ఏపిస్త. తలుపేసుకొని నేసుకో, నిన్ను ఎవ్వలు ఏమనరు. చీరెలు బావ పేరు మీదనే పోతయి. బావ పేరు నిలబడతది, నీకు బతుకుదెరువు అయితది."

"తలుపేసుకొని?"

"కొన్నొద్దులే. మంది మారేదాక."

"సచ్చినోని పేరు మీద?"

"బావ పేరే కద..."

"నోరు ముయ్యి రాజం! బిడ్డా, నేనొకటి చెప్పాలె. గది చెప్పనీకే గింత దూరం వచ్చిన. ధర్మయ్యకు..."

"ఎరుకే అత్తా. గా పొద్దు నువ్వు కొత్త చీరె కట్టుకొని ధర్మయ్య ఇంటి దిక్కు పోతాంటే గుంటల కూసుండి కిటికీ సందుల నుంచి సూసిన. కొత్త చీరె ఎందుకు కట్టిందా అనుకున్న. పొద్దుగూకేసరికి సమజైంది."

"ఎరుకుండి కూడ నన్ను ఒక్క మాట అనకపోతివి!"

"నువ్వు కొడుకును పోగొట్టుకొని కూసుంటివి. ఏమనాలె?"

"వాని ఏడుపు సూడలేకపోయిన బిడ్డా. వాడు సిగ్గుతోని..."

"సిగ్గు కాదత్తా."

"ఏంది?"

"నన్ను గుంటల దిగుమన్నది ఆయననే. మంచంల పండుకొని కాళ్ళ కింద ఏ పలక ఎప్పుడు తొక్కాలెనో గోడ మీద ఏలుతోని కొట్టి చెప్పిండు. మంది వచ్చి ఆయన చెయ్యిని మెచ్చుకొని పోతుండిరి కద. వాళ్ళు పోంగనే ఏడ్చెటోడు. 'నీ పని మీద నా పేరు పడతాంది ఆండాళూ, నేను దొంగనయితున్న, పోయి నీ పేరు చెప్పు' అని ఏడ్చెటోడు. నేనే చెప్పలే. నీకు భయపడి చెప్పలే."

"అయ్యో... అయ్యో బిడ్డా! నేనేం చేస్తి!"

"ఏడువకత్తా. లేవకు, నీ మోకాళ్ళు మంచిగ లేవు. అన్నా, గా మూల పెట్టె తీయి. పైన బట్టలు పక్కకు పెట్టు. అడుగున మూట ఉన్నది. తే."

"గిదేంది చెల్లె? గిది... గిది..."

"నువ్వు కోసిన పడుగు. ఒక్క పోగు పారెయ్యలే. రెండువేల నాలుగు వందల పోగులు. కొన్ని నీ కత్తెరకు తెగినయి, కొన్ని నువ్వు గుంజితె తెగినయి. ఇగ నేల మీద పరుచు."

"ఎందుకు?"

"అతుకనీకె."

"చెల్లె, పోగులు అతుకుడు ఆడోళ్ళ పని కద..."

"నేసుడు మొగోళ్ళ పని. నేను నేస్తలేనా? కూసో. పోగు జారకుండ గా పొయ్యిల బూడిద చేతులకు రాసుకో. అత్తా, నువ్వు గా చివర పట్టుకో, అన్న గీ చివర పట్టుకుంటడు. తలుపు పెట్టకు అన్నా, తెరిచే ఉండాలె. తొవ్వంట పోయేటోళ్ళు సూడనీ. ఎన్ని దినాలైతే గన్ని దినాలు కూసో. ఆఖరి పోగు అతికినంక ఊరికి పోయి సంఘం బుక్కు తీయి. గుర్వయ్య పేరు రాసిన చీరెలన్నిటి కాడ, ధర్మయ్య ముంగట, మీటింగుల మొత్తుకునే గొంతుతోనే సదువుకుంట 'నేసింది ఆండాళు' అని రాయి. రాసి మల్ల రా. అప్పుడు అడుగు నన్ను, ఊరికొస్తవా అని. ఇప్పుడు మొదటి పోగు పట్టు."